‘కండిషనల్లీ’ అంటే ఏమిటి? ఉర్దూలో, తెలుగులో ఎలా చెప్పాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో బ్యాంకు కాగితం, కాలేజీ లెటరు, కోర్టు ఉత్తర్వు, ఉద్యోగ పత్రం ఏది చేతికొచ్చినా అందులో తరచూ కనిపించే ఇంగ్లీషు మాట ‘కండిషనల్లీ’. చూడటానికి చిన్న మాటే. కానీ దాని ముందున్న ‘అప్రూవ్డ్’, ‘శాంక్షన్డ్’, ‘గ్రాంటెడ్’ అనే మాటలే అందరికీ వినబడతాయి. వెనక నిలబడ్డ ఈ మాట వినబడదు. లోను వచ్చేసింది, సీటు వచ్చేసింది అని ఇంట్లో మిఠాయిలు పంచాక, షరతు తీరలేదని తెలిసి తలపట్టుకునే కుటుంబాలు ఉంటాయి. అందుకే ఈ మాట అర్థం, వాడుక, దానికి దగ్గరి మాటలతో తేడా వివరంగా తెలుసుకోవాలి.

అర్థం, ఉచ్చారణ

‘కండిషన్’ అంటే షరతు. ‘కండిషనల్’ అంటే షరతుతో కూడిన. ‘కండిషనల్లీ’ అంటే షరతుతో, షరతు మీద, షరతుకు లోబడి. వ్యాకరణంలో ఇది క్రియా విశేషణం. అంటే పని ఏ తీరున జరిగిందో చెప్పే మాట. పలికేటప్పుడు ‘డి’ అక్షరం మీద బలం పడుతుంది: కన్‌-డి-ష-న-లి.

‘ద లోన్ వాజ్ అప్రూవ్డ్ కండిషనల్లీ’ అంటే ‘లోను షరతుల మీద మంజూరైంది’ అని అర్థం. బ్యాంకు చెప్పిన పని పూర్తయితేనే డబ్బు చేతికొస్తుంది. ‘హీ అగ్రీడ్ కండిషనల్లీ’ అంటే ‘ఒక షరతు పెట్టి ఒప్పుకున్నాడు’.

దీనికి వ్యతిరేకం ‘అన్‌కండిషనల్లీ’. తెలుగు పత్రికలు దీన్ని ‘బేషరతుగా’ అని రాస్తాయి. ‘బే’ అనేది ఫారసీ నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన ఉపసర్గ, ‘లేకుండా’ అని అర్థం. ‘షరతు’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. అంటే ‘బేషరతుగా క్షమాపణ చెప్పాలి’ అనే వాక్యంలో ఆ తెలుగు మాట నిండా ఉర్దూయే ఉంది.

ఉర్దూలో ఏమంటారు?

ఉర్దూలో సరైన మాట ‘మష్రూత్ తౌర్ పర్’. కండిషనల్ బెయిలును ఉర్దూ పత్రికలు ‘మష్రూత్ జమానత్’ అంటాయి. ‘ఫలానాది జరిగితేనే’ అని చెప్పడానికి ‘బషర్తే కె’ వాడతారు. ఇది ఇంగ్లీషులోని ‘ప్రొవైడెడ్ దట్’కు సరిపోతుంది. బేషరతుకు ‘గైర్ మష్రూత్’ అంటారు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఉర్దూ వ్యాకరణ పుస్తకంలో ‘జుమ్లా-ఎ-షర్తియా’ అంటే షరతు వాక్యం. ‘అగర్’తో మొదలయ్యే భాగాన్ని ‘షర్త్’ అనీ, ‘తో’తో మొదలయ్యే ఫలితాన్ని ‘జజా’ అనీ అంటారు. కానీ అదే ‘షర్తియా’ బజార్లోకి వచ్చేసరికి అర్థం తిరగబడుతుంది. గోడల మీద, కరపత్రాల్లో కనిపించే ‘షర్తియా ఇలాజ్’ అంటే షరతుల వైద్యం కాదు, గ్యారంటీ వైద్యం. ‘షర్త్ లగానా’ అంటే పందెం కట్టడం. పందెం కట్టి మరీ చెప్తున్నా అనే భావం నుంచి ‘షర్తియా’కు ‘కచ్చితంగా’ అనే అర్థం వచ్చింది. కాబట్టి ‘కండిషనల్లీ’ని ‘షర్తియా’ అని అనువదిస్తే పూర్తిగా వ్యతిరేకార్థం వచ్చే ప్రమాదం ఉంది. ‘మష్రూత్’ అంటేనే క్షేమం.

తెలుగులోనూ ఇలాంటి తమాషానే జరిగింది. ‘వాళ్ల నాయన చానా కండిషన్‌గా పెంచినాడు’ అంటారు. అక్కడ ‘కండిషన్‌గా’ అంటే కచ్చితంగా, గట్టిగా అని. ‘బండి మంచి కండిషన్లో ఉంది’ అంటే స్థితి బాగుందని. ఈ రెంటికీ ‘కండిషనల్లీ’తో సంబంధం లేదు. ‘కండిషన్‌గా ఇచ్చారు’ అని ఎవరైనా అంటే, గట్టిగా చెప్పి ఇచ్చారా, షరతు పెట్టి ఇచ్చారా అని మళ్లీ అడగాల్సిందే.

క్రియలోనే దాగిన షరతు

తెలుగులో షరతు చెప్పడానికి ప్రత్యేకంగా క్రియా విశేషణం అక్కర్లేదు. అది క్రియ చివర్లోనే ఉంటుంది. ‘వస్తే’, ‘ఇస్తే’, ‘కడితే’ అనేవన్నీ షరతులే. దానికి ‘నే’ చేరిస్తే బిగుసుకుంటుంది. ‘వానొస్తే విత్తుతాం’ అనేది మామూలు మాట. ‘వానొస్తేనే విత్తేది’ అంటే మరో దారి లేదని. శెనక్కాయ పంటకు ఆకాశం వైపు చూసే ఈ సీమలో ఆ ఒక్క ‘నే’ బరువు ఎంతో రైతుకు చెప్పక్కర్లేదు.

మన ఊళ్ల దక్కనీలోనూ ఇంతే. పుస్తకాల ఉర్దూలో ‘అగర్’ ముందు వస్తుంది. మాట్లాడే దక్కనీలో అది తరచూ జారిపోయి ‘తో’ ఒక్కటే మిగులుతుంది. ‘తూ ఆయా తో మై ఆతూఁ’ అన్నా, ‘నువ్వొస్తే నేనొస్తా’ అన్నా వాక్యం నడక ఒక్కటే. ‘లేకుంటే’ అనడానికి ‘నైతో’ అంటారు, పుస్తకాల్లో అది ‘వర్నా’.

ఇలా రెండు భాషల్లోనూ షరతు ముందొస్తుంది, ఫలితం తర్వాత వస్తుంది. ఏ షరతో కూడా వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషు కాగితంలో ‘అప్రూవ్డ్’ అని ఫలితం ముందు వస్తుంది. ‘కండిషనల్లీ’ తర్వాత వస్తుంది. పైగా షరతు ఉందని చెబుతుందే గానీ ఆ షరతు ఏమిటో ఈ మాట చెప్పదు. దాన్ని కింద చిన్న అక్షరాల్లోనో, వెనక పేజీలోనో వెతుక్కోవాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే.

షరతు అంటే అసలు ఏమిటి?

దీన్ని నమాజుతో సులువుగా అర్థం చేసుకోవచ్చు. వుజూ నమాజులో భాగం కాదు. నమాజుకు ముందే, దానికి బయటే జరుగుతుంది. కానీ వుజూ లేనిదే నమాజు లేదు. ఫిఖ్హ్ పరిభాషలో ఇలా బయట ఉండి పనిని నిలబెట్టేదాన్ని ‘షర్త్’ అంటారు. రుకూ, సజ్దా లాగా లోపల ఉండేదాన్ని ‘రుక్న్’ అంటారు.

ఉద్యోగ పత్రం కూడా అంతే. జీతం, హోదా, డ్యూటీ టైము అన్నీ లోపలి భాగాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి, వైద్య పరీక్ష పాసవ్వాలి అనేవి బయటి షరతులు. లోపల ఎంత బాగా రాసి ఉన్నా బయటి షరతు తీరకపోతే అది నిలబడదు.

మొక్కు కూడా షరతు మాటే. పెనుకొండ బాబయ్య దర్గాకు ముస్లింలూ హిందువులూ వస్తారు. బిడ్డ పుడితే చాదర్ కప్పుతామని ఒకరు, జబ్బు నయమైతే వచ్చి మొక్కు చెల్లిస్తామని ఇంకొకరు అనుకుంటారు. ఉర్దూలో మన్నత్ అన్నా తెలుగులో మొక్కు అన్నా, కోరిక తీరాకే బాధ్యత మొదలవుతుంది. ‘ఇన్షా అల్లాహ్’ కూడా అర్థాన్ని బట్టి షరతు వాక్యమే: అల్లాహ్ తలిస్తే.

దగ్గరి మాటలు, వాటి తేడాలు

‘ప్రొవిజనల్లీ’ అంటే తాత్కాలికంగా. డిగ్రీ పాసైనవారికి ముందుగా ఇచ్చే ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇలాంటిది. అసలుది వచ్చేదాకా ఇది చెల్లుతుంది. ‘కండిషనల్లీ’లో కాలం కంటే షరతు ముఖ్యం.

‘సబ్జెక్ట్ టు’ అంటే లోబడి. ‘సబ్జెక్ట్ టు వెరిఫికేషన్’ అంటే పరిశీలనలో నిలిస్తేనే. ‘కండిషనల్లీ’ లేకుండా ఈ రెండు మాటలే ఉన్నా ఫలితం అదే.

‘అన్‌లెస్’ అంటే ‘తప్ప’, ‘కాకుంటే’. ‘అన్‌లెస్ యూ పే’ అంటే ‘మీరు కట్టకుంటే’. ఇందులో కాదనే అర్థం ముందే కలిసి ఉంది కాబట్టి దాని పక్కన మళ్లీ ‘నాట్’ పెడితే అర్థం తారుమారవుతుంది. ‘అదర్‌వైజ్’ అంటే ‘లేదంటే’, ‘నైతో’.

‘ఇన్ ప్రిన్సిపుల్’ అంటే సూత్రప్రాయంగా. ఇది కండిషనల్లీ కంటే ఇంకా పల్చటి హామీ.

రైలు టికెట్టు కూడా ఈ తేడాలను చూపిస్తుంది. ధర్మవరం జంక్షన్లో రైలెక్కేవారి చేతిలో కన్ఫర్మ్ టికెట్టు ఉంటే బెర్తు ఖాయం. ఆర్‌ఏసీ ఉంటే కూర్చునే చోటు ఖాయం, ఎవరైనా రద్దు చేసుకుంటేనే పడుకునే బెర్తు. బెర్తు మాట వరకు అది ‘కండిషనల్లీ’ ఇచ్చిన టికెట్టే.

నిత్య జీవితంలో ఎక్కడెక్కడ?

చదువు: విదేశీ యూనివర్సిటీలు కండిషనల్ ఆఫర్, అన్‌కండిషనల్ ఆఫర్ అని రెండు రకాలుగా లెటర్లు పంపుతాయి. మొదటిదాంట్లో చివరి మార్కులు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు వంటివి ఇంకా చూపాల్సి ఉంటుంది. దాన్ని చూసి సీటు ఖాయమైందనుకుని అప్పు చేయడం తొందరపాటు.

ఉద్యోగం: పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ చుట్టుపక్కల ఆఫర్ లెటర్ అనే మాట ఇంటింటికీ తెలిసింది. ఏ కంపెనీదైనా ఆఫర్ లెటర్లో సర్టిఫికెట్ల తనిఖీ, పాత యజమాని రిలీవింగ్ లెటరు లాంటి షరతులు ఉండటం మామూలే. అవి తీరేదాకా చేస్తున్న పని వదులుకోకపోవడం మేలు.

ప్రభుత్వ పథకాలు: 2019 డిసెంబరు 21న ధర్మవరంలో నేతన్న నేస్తం పథకం మొదలైంది. చేనేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇస్తామన్నారు. అందులో ఒక షరతు: సొంత మగ్గం ఉండాలి. ధర్మవరంలో చాలామంది మాస్టర్ వీవరు మగ్గం మీద కూలికి నేస్తారు. ‘సొంత మగ్గం ఉంటేనే’ అన్న ఆ ‘నే’ దగ్గర వాళ్లు ఆగిపోయారు. పట్టుచీర నేసే చేయి ఒకటే అయినా షరతు ఒకరిని లోపలికి రానిచ్చి, ఇంకొకరిని బయట నిలబెట్టింది.

భూమి: డీకేటీ పట్టాలో డీకేటీ అంటే దరఖాస్తు. అదీ ఉర్దూ ద్వారా వచ్చిన మాటే. పేదలకు సర్కారు ఇచ్చిన ఈ భూమి షరతు మీద ఇచ్చిందే. సాగు చేసుకోవచ్చు, వారసులకు రావచ్చు, కానీ అమ్మకూడదు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఈ అమ్మకాలను నిషేధించింది. ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు హక్కు కల్పిస్తూ 2023లో రాష్ట్రం చట్టాన్ని సవరించింది. అయినా అది అందరికీ ఆటోమేటిక్‌గా వర్తించదు. కొనేముందు ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. షరతు సంగతి చూడకుండా డబ్బు కట్టినవారికి కాగితమే మిగులుతుంది.

బెయిలు: ‘గ్రాంటెడ్ బెయిల్ కండిషనల్లీ’ అంటే విడుదల చేస్తారు గానీ స్టేషన్లో సంతకం పెట్టాలి, సాక్షుల జోలికి పోకూడదు, ఊరు దాటకూడదు వంటి షరతులు ఉంటాయి. వాటిని తప్పితే బెయిలు రద్దు కావచ్చు. అలాగని షరతు మోయలేనంత బరువుగానూ ఉండకూడదు. 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీ పనివాడికి 10,000 రూపాయల జామీను అడిగారు. వేరే జిల్లావాళ్ల జామీను చెల్లదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టారు. పేదవాడు తీర్చలేని షరతుతో ఇచ్చే బెయిలు ఇవ్వనట్టే అని ఆ తీర్పు సారాంశం.

ఒప్పందాలు: 1872 నాటి కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఒక ప్రతిపాదనను ఒప్పుకుంటే పూర్తిగా, మెలిక లేకుండా ఒప్పుకోవాలి. ‘సరే గానీ…’ అని షరతు చేరిస్తే అది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన. హిందూపురం మార్కెట్లో చింతపండు బేరమైనా ఇదే లెక్క. ‘క్వింటాలు ఇంతకిస్తా’ అంటే, ‘సరే, కానీ నెల తర్వాత డబ్బిస్తా’ అన్నప్పుడు బేరం ఇంకా కుదరలేదు.

రాయని షరతు నిలబడదు

అసలు దెబ్బ తగిలేది నోటి షరతుల దగ్గర. దీనికి రెండు ఉదాహరణలు.

మొదటిది షరతు విక్రయం. అప్పు కోసం పొలాన్ని అమ్మినట్టు రాసిచ్చి, ‘డబ్బు తిరిగిచ్చినప్పుడు నా పొలం నాకు రాయాలి’ అని నోటిమాట అనుకుంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్లో దీని ప్రస్తావన ఉంది. 1929లో చేర్చిన సవరణ ప్రకారం ఆ షరతు అదే అమ్మకపు పత్రంలో రాసి ఉండాలి. లేకపోతే అది తాకట్టుగా లెక్కకు రాదు. అమ్మకంగానే మిగులుతుంది. పెద్దమనుషుల ముందు అనుకున్న మాట పత్రంలో లేకపోతే రైతు ఇబ్బందిలో పడ్డట్టే.

రెండోది తల్లిదండ్రుల దానపత్రం. ‘ఇల్లు నీ పేరున రాస్తాం, మమ్మల్ని చూసుకో’ అనేది ఇంటింటా వినబడే మాట. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. అయితే అలాంటి షరతు మీదే రాసిచ్చినట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు పెద్దల వైపు మొగ్గి, చట్టాన్ని ఉదారంగా చదవాలంటూ తల్లి రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. ఆమె దగ్గర కొడుకు రాసిచ్చిన వాగ్దాన పత్రం కూడా ఉంది. రెండు తీర్పులనూ కలిపి చదివితే తేలేది ఒకటే: షరతు కాగితం మీద ఉంటే పెద్దవాళ్ల చెయ్యి పైన ఉంటుంది. ఇలాంటి ఫిర్యాదులు ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. పెనుకొండలో, ధర్మవరంలో ఆర్డీవో కార్యాలయాలున్నాయి.

ముస్లిం కుటుంబాలు ఇక్కడ మరో సంగతి గమనించాలి. హనఫీ న్యాయంలో హిబా ఇచ్చి, ఆ హక్కును తగ్గించే షరతు పెడితే హిబా నిలబడుతుంది, షరతు పడిపోతుంది. బదులు ఏదైనా ఇవ్వాలనే షరతుతో ఇచ్చేదాన్ని ‘హిబా బ షర్తుల్ ఇవజ్’ అని వేరుగా చూస్తారు. కాబట్టి ఇల్లు రాసేముందు ఏ పేరుతో, ఏ మాటలతో రాస్తున్నారో తెలిసిన వకీలునూ, ఆలిమునూ అడిగి రాయించుకోవడం మంచిది.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

‘కండిషనల్లీ’ అనే మాట ఎక్కడ కనిపించినా అక్కడే ఆగి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. షరతు ఏమిటి? దాన్ని తీర్చాల్సింది ఎవరు? ఎప్పటిలోగా? తీరకపోతే ఏమవుతుంది? ఈ నాలుగింటికీ జవాబు అదే కాగితంలో దొరకాలి. దొరక్కపోతే సంతకం పెట్టేముందే అడిగి రాయించుకోవాలి. ఇంగ్లీషు రాకపోతే చదివి చెప్పమని అడగడంలో నామోషీ ఏమీ లేదు.

అర్థం చెప్పేవారికీ ఒక మాట. పత్రం పట్టుకొచ్చిన నానమ్మకో, చాచాకో ‘లోను వచ్చేసింది’ అని చెప్పకూడదు. ‘ఈ కాగితాలు ఇస్తేనే లోను వస్తుంది’ అని చెప్పాలి. ఉర్దూలో అయితే ‘మిల్ గయా’ అనకుండా ‘యే కాగజాఁ దియే తో మిల్తా’ అనాలి. ఇంగ్లీషు వాక్యం చివర్లో దాచిన షరతును మన భాషలో ముందుకు తెచ్చి చెబితే, ఇంటికి ఆ మాట సరిగ్గా చేరినట్టే.